ఇంటి షెడ్డులో పాత పికప్పు: ఏది ముందు, ఏది తర్వాత

అందరికీ నమస్కారం.

పాత పికప్పు ట్రక్కును ఇంటి షెడ్డులోనే బాగుచేసుకుని, తమకు కావలసినట్టు మార్చుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ మాటలు. గాల్లో మాట్లాడుకోకుండా ఒక బండిని పట్టుకుందాం: 1967 నుంచి 1972 వరకు వచ్చిన షెవ్రొలె సీ-10. కింద ల్యాడర్ ఛాసీ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం), దాని మీద కేబిన్, వెనక తొట్టి. మూడూ బోల్టులతో విడివిడిగా కూర్చున్నవే. రేకు ముక్కలు, రబ్బర్లు, వైరింగు కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి. అందుకే మొదటిసారి చేసేవాళ్లకు ఇది మంచి బండి. అవసరమైన చోట ఫోర్డ్ ఎఫ్-100 సంగతి కూడా చెబుతాను.

సగంలో ఆగిపోయిన బళ్లను చూడండి. చేసేవాళ్లకు చేతకాక ఆగినవి తక్కువ, వరస తప్పి ఆగినవి ఎక్కువ. పాత ట్రక్కులో ఏ మార్పూ ఒంటరిగా రాదు. ఇంజనులో ఎక్కువ లిఫ్టు, ఎక్కువ డ్యూరేషన్ ఉన్న కామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను ఎక్కువ ఎత్తుకు, ఎక్కువసేపు తెరిచేది, వేశారనుకోండి. ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోతుంది. వాక్యూమ్ పడితే కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకు బలం చాలదు. అప్పుడు బూస్టర్ తీసేయాలి, లేదా విడిగా వాక్యూమ్ పంపు పెట్టాలి. బూస్టర్ తీస్తే పెడల్ నిష్పత్తి (కాలి బలాన్ని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందో అది) మారాలి, బ్రేకు నూనెను నెట్టే మాస్టర్ సిలిండర్ మారాలి. కామ్ కొన్న రోజున బ్రేకుల గురించి ఎవరూ ఆలోచించరు. బండి రోడ్డెక్కాక తెలుస్తుంది.

కాబట్టి పానా పట్టుకోకముందే నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: బండి ఎత్తు ఎంత ఉండాలి, చక్రాలు ఏవి, బ్రేకులు ఏవి, ఇంజను ఏది. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. 1970 వరకు సీ-10 చక్రానికి ఆరు బోల్టులు, వాటి వలయం 139.7 మిల్లీమీటర్లు. 1971లో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చాయి, బోల్టులు ఐదయ్యాయి, వలయం 127 మిల్లీమీటర్లయింది. 1968 బండికి 1971 బండి ముందు చక్రాల భాగాలు తెచ్చి వేస్తే ముందు ఐదు బోల్టులు, వెనక ఆరు బోల్టులు ఉంటాయి. స్పేర్ చక్రం ఒకవైపుకే పనికొస్తుంది. వెనక ఇరుసు కూడా మార్చాలి, లేదంటే మొదటే ఆరు బోల్టుల డిస్కు కిట్ ఎంచుకోవాలి. చక్రాలు కొనడం చివరి పని, కానీ ఏవో తేల్చుకోవడం మొదటి పని.

పని వరస ఇది: ముందు ఛాసీ, కేబిన్ గట్టిపడాలి. తర్వాత బండి ఆగాలి, తిరగాలి. ఆ తర్వాత పరుగెత్తాలి. రంగు అన్నిటికన్నా చివర.

పరీక్షతో మొదలుపెడదాం. చేతిలో అయస్కాంతం, మొనదేలిన దబ్బనం, టార్చి, టేపు ఉంటే చాలు. అయస్కాంతం అంటుకోని చోట కింద లప్పం ఉంది. దబ్బనంతో పొడిస్తే దిగిపోయే చోట రేకు అయిపోయింది. చూడవలసిన చోట్లు: కేబిన్ వెనక కింది మూలలు, తలుపు కింద పొడవునా ఉండే డొల్ల రాకర్ ప్యానెళ్లు, కాళ్లు పెట్టే చోట నేల రేకు, కేబిన్‌ను ఛాసీకి పట్టే మౌంట్లు, పైకప్పు అంచున నీటి కాలువ, ముందు ఫెండర్ల కింది భాగం. ఛాసీలో రెండు రేకులు కలిసి రివెట్లు పడిన చోట మధ్యలో తుప్పు ఉబ్బి రేకుల్ని విడదీస్తుంది, అక్కడ సుత్తితో తట్టి చూడండి. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట రంగు గీకి పగుళ్ల కోసం వెతకండి. తర్వాత ఛాసీ మీద ఎడమ ముందు రంధ్రం నుంచి కుడి వెనక రంధ్రానికి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు టేపు పెట్టి కొలవండి. రెండు కర్ణాల మధ్య తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. అంతకన్నా బాగా ఎక్కువుంటే ఛాసీ వంకర పోయింది. దాన్ని సరిచేయకుండా పైన ఏది కట్టినా తలుపులు కుదరవు, చక్రాలు కుదరవు.

బండి కిందికి దూరే ముందు ఒక్క మాట. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఇనుప స్టాండ్లు నాలుగు ఉండాలి. సిమెంటు దిమ్మెల మీద బండి నిలబెట్టకండి. అవి హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా చిట్లిపోతాయి.

ఇక రేకు పని. ఇంట్లో చేసే పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

కేబిన్ మూలలు ఎందుకు పాడయ్యాయో తెలుసుకోకుండా కొత్త రేకు అతికిస్తే కొన్నేళ్లకు మళ్లీ అదే చోట తుప్పు పడుతుంది. ముందద్దం కింద గాలి లోపలికొచ్చే జాలీ ఉంటుంది కదా, దాని వెనక కౌల్ అనే గది ఉంది. ఆకులు, మట్టి అందులో చేరి తడిగా కూర్చుంటాయి. నీళ్లు పోయే దారి మూసుకుపోతే అవి పక్కల నుంచి రాకర్ లోపలికి దిగుతాయి. వెనక మూలల్లోకి నీరు అద్దాల రబ్బర్ల నుంచి, పైకప్పు అతుకు నుంచి వస్తుంది. కాబట్టి కోత మొదలుపెట్టే ముందు పైపుతో కౌల్‌లోకి నీళ్లు వదలండి, ఒకరు లోపల టార్చితో చూడాలి. ఎక్కడి నుంచి కారుతోందో గుర్తుపెట్టి, ఆ దారి ముందు మూయండి.

రాకర్ అనేది అలంకారం కాదు, తలుపు గుమ్మాన్ని నిలబెట్టే దూలం. దాన్ని కోసేస్తే గుమ్మం మూసుకుపోతుంది లేదా తెరుచుకుపోతుంది. అందుకే కేబిన్ ఛాసీ మీద, తన మౌంట్ల మీద బిగించి ఉండగానే, తలుపులు వేలాడుతుండగానే ఈ పని చేయాలి. తలుపు చుట్టూ సందు ఎన్ని మిల్లీమీటర్లుందో పై నుంచి కింది దాకా కొలిచి రేకు మీదే మార్కరుతో రాయండి. తర్వాత 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టంతో కబ్జాల స్తంభం నుంచి లాకు స్తంభానికి ఒక అడ్డం, ఒక ఏటవాలు బిగింపు వెల్డ్ చేయండి. ఆ గొట్టాలు కేబిన్ లోపలి వైపు ఉండాలి, అప్పుడే తలుపు మూసి సందు చూసుకోగలం. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. రెండు వైపులా ఒకేసారి కోసేస్తే కొలుచుకోవడానికి ఆధారం మిగలదు.

వరస లోపలి నుంచి బయటికి: నేల రేకు అంచు, లోపలి రాకర్, తర్వాత బయటి రాకర్, ఆఖర్న మూల. కొత్త మూల ముక్క పెద్దదిగా వస్తుంది, మొత్తం వాడాలని లేదు. మంచి రేకు ఎంత మిగిలితే అంత మిగిల్చి, తుప్పు పోయేంతే కోయండి. కొత్త ముక్కను పాత దాని మీద పెట్టి గీత గీసి, ఆ గీత మీద రెండూ కోస్తే అంచుకు అంచు కుదురుతుంది. మధ్యలో సందు మిల్లీమీటరు లోపే ఉండాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి అతికితే సులువే, కానీ ఆ రెండు పొరల మధ్య నీరు నిలుస్తుంది. బయటికి కనిపించే చోట అంచుకు అంచే మంచిది. లోపల కనబడని చోట పొర మీద పొర తప్పకపోతే పై రేకుకు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టి ప్లగ్ వెల్డ్ చేయండి, మధ్యలో జింకు ప్రైమర్ పూయండి.

మిగ్ వెల్డరులో 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 పాళ్లు ఆర్గాన్ 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాసు. బాడీ రేకు సుమారు 0.9 మిల్లీమీటర్లే, దాని మీద పొడవుగా వెల్డు లాగితే వేడికి రేకు ఉబ్బి, చల్లారుతూ ముడుచుకుంటుంది. ఆ ముడుత తర్వాత ఎంత లప్పం పెట్టినా దాగదు. కాబట్టి టాకాలు వేయాలి. మొదట రెండు చివర్లా, తర్వాత మధ్యలో, తర్వాత ఆ మధ్యల మధ్యలో, 25 మిల్లీమీటర్లకొకటి వచ్చేదాకా. ప్రతి టాకా చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే పక్కది. తడిగుడ్డతో చల్లార్చే తొందర వద్దు, చల్లారనివ్వండి. టాకా ముడుచుకుని రేకును లాగుతుంది, ఆ మచ్చను వెనక డాలీ (చేత్తో పట్టే ఇనుప దిమ్మ) పెట్టి సుత్తితో మెల్లగా సాగదీస్తే రేకు మళ్లీ సమంగా వస్తుంది. ఇలా ఓపికగా చేసిన అతుకు మీద లప్పం పల్చటి పొర చాలు. గ్రైండింగులో కూడా వేడి ఉంది. పలక టాకా మీదే తిరగాలి, పక్క రేకు మీద కాదు. పక్క రేకు పల్చబడితే అక్కడే తర్వాత చిల్లు పడుతుంది.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన సంగతి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరుతో తుడిచిన రేకును వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద క్లోరిన్ లేనిది అని రాసి ఉన్నా, పూర్తిగా ఆరాకే వెల్డర్ పట్టండి. రేకు శుభ్రానికి అసిటోన్ వాడొచ్చు, అదీ పూర్తిగా ఆవిరయ్యాక. పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, దుమ్ముకు తగిన మాస్కు పెట్టుకోండి. పాత బ్రేకు డ్రమ్ముల్లోని దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాన్ని గాలితో ఊదకండి, నీళ్లు చల్లి తడిగుడ్డతో తీయండి.

వెల్డ్ అయిపోయాక మూలల లోపల, రాకర్ లోపల పూత అంతా కాలిపోయి ఉంటుంది. బయట ఎంత అందంగా రంగు వేసినా తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. రంగు పనంతా అయ్యాక చిన్న రంధ్రాల గుండా పొడవాటి ముక్కు గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ లోపలికి కొట్టాలి. కింద నీరు పోయే రంధ్రాలు మూయొద్దు. దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఇంత కష్టపడి చేసిన రేకుకు ఆ ఒక్క గంట పని ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు.

ఇప్పుడు బ్రేకులు. 1966కు ముందు చాలా ట్రక్కుల్లో మాస్టర్ సిలిండర్ ఒకే గది. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అలాంటి బండిలో ఏ మార్పు చేసినా చేయకపోయినా రెండు గదుల సిలిండర్ వేయడం మొదటి పని.

డ్రమ్ము బ్రేకుల్లో షూ తనంతట తాను తిరిగే డ్రమ్ములోకి లాగుకుంటుంది, అందుకే తక్కువ బలం చాలు. డిస్కులో ఆ సాయం లేదు, ఎక్కువ ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేద్దాం. కాలితో 30 కిలోల బలం వేశారు. పెడల్ నిష్పత్తి 6కు 1 అయితే సిలిండర్ మీద 180 కిలోలు. సిలిండర్ లోపలి వ్యాసం ఒక అంగుళం అయితే విస్తీర్ణం 5.07 చదరపు సెంటీమీటర్లు, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 35 కిలోలు. అదే వ్యాసం ఒక అంగుళం పైన ఇంకో ఎనిమిదో వంతు అయితే విస్తీర్ణం 6.41, ఒత్తిడి 28కి పడుతుంది. పెద్ద సిలిండర్ వేస్తే పెడల్ గట్టిగా, పైనే నిలుస్తుంది, బ్రేకు బాగున్నట్టు అనిపిస్తుంది, కానీ ఒత్తిడి తగ్గింది. బూస్టర్ లేని బండికి ఒక అంగుళం సిలిండర్, 6కు 1 పెడల్. బూస్టర్ ఉంటే 4కు 1 పెడల్, సిలిండర్ పెద్దదైనా ఫర్వాలేదు. బూస్టరుకు ఐడిల్‌లో 18 అంగుళాల పాదరసం దాకా వాక్యూమ్ ఉంటే బాగా పనిచేస్తుంది. గేజి పెట్టి చూసి నిర్ణయించండి. పెడల్ రాడ్ అంతే ఉంచి బూస్టర్ ఒక్కటే బిగిస్తే బ్రేకు మరీ చురుగ్గా, పట్టు తెలియకుండా ఉంటుంది. చాలా పెడళ్లకు రాడ్ బిగించే రంధ్రాలు రెండు ఉండేది ఇందుకే.

పెడల్ వదిలాక కూడా లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వు సంగతి ఎక్కువగా గందరగోళపెడుతుంది. డ్రమ్ము వైపు లైనులో 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వాల్వు ఉండాలి, లేకపోతే వీల్ సిలిండర్ కప్పులు వదులై గాలి పీల్చుకుంటాయి. డిస్కు వైపు ఆ 10 పీఎస్ఐ ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతాయి. నాలుగు డ్రమ్ముల బండికి ముందు డిస్కులు వేసి పాత మాస్టర్ సిలిండరే వాడితే ఈ తంటా వస్తుంది, ఎందుకంటే వాల్వు సిలిండర్ రంధ్రం లోపలే దాగి ఉండవచ్చు. మాస్టర్ సిలిండర్ నేల కింద, డిస్కును ప్యాడ్లతో పట్టే క్యాలిపర్ల కన్నా దిగువన ఉన్న పాత ట్రక్కుల్లో డిస్కు లైనుకు 2 పీఎస్ఐ వాల్వు కావాలి, లేకపోతే నూనె వెనక్కి జారిపోయి మొదటి తొక్కుడు వృథా అవుతుంది. వెనక తొట్టి ఖాళీగా ఉండే బండి కాబట్టి వెనక చక్రాలు ముందే బిగుసుకుంటాయి. వెనక బ్రేకు ఒత్తిడిని తగ్గించే, సర్దుబాటు చేయగల ప్రపోర్షనింగ్ వాల్వు వెనక లైనులో పెట్టి, ఖాళీ మైదానంలో మెల్లమెల్లగా సరిచూసుకోండి. ముందు చక్రాలు బిగిసిన తర్వాతే వెనకవి బిగియాలి.

పైపులకు నికెల్ రాగి మిశ్రమం వంచడానికి తేలిక, తుప్పు పట్టదు. మామూలు రాగి గొట్టం బ్రేకుకు ఎప్పుడూ వాడకండి. చివర డబుల్ ఫ్లేర్ (అంచును రెండు మడతలుగా విప్పడం) చేయాలి, సింగిల్ ఫ్లేర్ ఒత్తిడికి పగులుతుంది. ఫ్లేర్ చేసే ముందు నట్టు ఎక్కించారో లేదో చూసుకోండి, ఎంతటివాళ్లకైనా జరిగే పొరపాటు ఇది. కొత్త మాస్టర్ సిలిండర్‌ను బండికి బిగించే ముందే బల్ల మీద వైసులో పెట్టి గాలి తీయండి. తర్వాత చక్రాల దగ్గర దూరం నుంచి దగ్గరికి రావాలి. స్టీరింగ్ ఎడమ వైపున్న బండిలో వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. డాట్ 3, డాట్ 4 కలపవచ్చు. సిలికాన్ డాట్ 5ను వాటితో కలపకూడదు.

బండిని కిందికి దించడం అందరికీ ఇష్టమైన పని. ముందు వైపు స్ప్రింగును కోయడం చౌక దారి, నేను ఒప్పుకోని దారి. కోస్తే స్ప్రింగు గట్టిపడుతుంది, చివర సరిగా కూర్చోదు, చక్రాన్ని ఛాసీకి పట్టే ఆర్ముల కోణం చెడుతుంది. సీ-10కు చక్రం తిరిగే ఇరుసు మొనను రెండున్నర అంగుళాలు పైకి జరిపిన డ్రాప్ స్పిండిళ్లు దొరుకుతాయి. అవి వేస్తే ఆర్ములు, స్ప్రింగు ఉన్న చోటే ఉంటాయి, బండి మాత్రం 63 మిల్లీమీటర్లు దిగుతుంది. పాత స్ప్రింగు విప్పేటప్పుడు కంప్రెసర్ తప్పనిసరి, లేకపోతే ఆ స్ప్రింగులోని బలం మనిషిని చంపగలదు.

వెనక వైపు చాలా సీ-10లకు పట్టీ స్ప్రింగులు కాదు, పొడవాటి ట్రైలింగ్ ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ఇరుసు పక్కలకు జరగకుండా ఒక అడ్డ రాడ్డు పట్టి ఉంచుతుంది. బండిని దించితే ఆ రాడ్డు ఏటవాలు అవుతుంది, ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది, ఒక టైరు ఫెండరుకు రాసుకుంటుంది. రాడ్డు పొట్టిదైతే తేడా ఎక్కువ: 500 మిల్లీమీటర్ల రాడ్డు 100 మిల్లీమీటర్లు వాలితే ఇరుసు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది, 900 మిల్లీమీటర్ల రాడ్డు అంతే వాలితే 6 కూడా జరగదు. పొడవు సర్దుబాటు చేయగల పొడవాటి రాడ్డు వేసి, బండి తన బరువు మీద నిలబడ్డాక అది భూమికి సమాంతరంగా ఉండేట్టు చూడండి. ఇరుసుకు, ఛాసీకి మధ్య 50 నుంచి 75 మిల్లీమీటర్ల కదలిక మిగలాలి. మిగలకపోతే ఛాసీకి నోచ్, అంటే ఇరుసు పైకి కదలడానికి చోటిచ్చే కోత, కావాలి. కోసే ముందే నోచ్ పలకను పెట్టి రంధ్రాల గుర్తులు పెట్టండి, 10.9 గ్రేడు బోల్టులు వాడండి. కోసిన ఛాసీని పలక లేకుండా బరువు మీద దించకూడదు.

ఎత్తు మారిందంటే గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారింది. గేరుబాక్సు వెనక చివర 3 డిగ్రీలు కిందికి చూస్తుంటే వెనక ఇరుసులో షాఫ్ట్ కలిసే పినియన్ 3 డిగ్రీలు పైకి చూడాలి, రెండూ సమాంతరం. షాఫ్ట్ చివర కీలు, అంటే యూ-జాయింటు, ఒక్కొక్కటి పనిచేసే కోణం 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. సున్నా కూడా మంచిది కాదు, సూది బేరింగులు తిరగకుండా ఒకే చోట కొట్టుకుని గుంటలు పడతాయి. సన్నటి వణుకు వేగంతో పెరుగుతుంటే, టైర్లు బ్యాలెన్స్ చేసినా పోకపోతే, ఈ కోణాలే కొలవండి. కొలిచేటప్పుడు చక్రాల మీద బరువుండాలి, స్టాండ్ల మీద కాదు. 127 అంగుళాల వీల్‌బేసు పొడవు తొట్టి బండికి షాఫ్ట్ రెండు ముక్కలు కాబట్టి మధ్య బేరింగు ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

స్టీరింగులో ఆట ఉందని వెంటనే బాక్సు స్క్రూ బిగించేయకండి. ముందు స్టీరింగు రాడ్డు అడుగున రబ్బరు కీలు, తర్వాత టై రాడ్ చివర్లు, బాల్ జాయింట్లు చూడండి. అవన్నీ బాగున్నాకే బాక్సు. అతిగా బిగిస్తే మధ్యలో పట్టేస్తుంది, మలుపు తిరిగాక చక్రం తనంతట తాను వెనక్కి రాదు. అలైన్‌మెంటులో పవర్ స్టీరింగు, రేడియల్ టైర్లు ఉంటే క్యాస్టర్ (చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) 3 నుంచి 5 డిగ్రీలు, టో-ఇన్ (ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉండడం) 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు అడగండి. పాత పుస్తకంలోని అంకెలు ఆ కాలపు టైర్ల కోసం రాసినవి.

ఇంజను గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బండిలో ఉన్నదాన్నే ముందు పరీక్షించండి. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, స్టార్టరుతో ఒక్కో సిలిండర్ కంప్రెషన్ కొలవండి. తక్కువ వచ్చిన దానిలో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలిస్తే, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఆరు సిలిండర్ల, 250 ఘనపుటంగుళాల ఇంజను బాగుంటే రోజువారీ వాడకానికి అది చాలు. 1999 తర్వాతి జనరల్ మోటార్స్ ట్రక్కుల 5.3 లీటర్ల వీ8 వేయాలనుకుంటే దానితో వచ్చేవి లెక్కించుకోండి: క్రాస్‌మెంబరుకు తగిలే ఆయిల్ పాన్, కొత్త మౌంట్లు, రేడియేటర్ పైభాగానికి వెళ్లాల్సిన ఆవిరి పైపు, కంప్యూటరులో దొంగతనం లాకు తీసేయించడం, 58 పీఎస్ఐ ఇంధన ఒత్తిడి. పాత కార్బొరేటరుకు 5 నుంచి 7 పీఎస్ఐ చాలు. ఇంజెక్షన్ ఒత్తిడికి పాత రబ్బరు గొట్టాలు పనికిరావు.

ఆ ఒత్తిడి ఉన్న పైపులు కేబిన్ లోపలి ట్యాంకు నుంచి రాకూడదు. ఈ సీ-10లలో ట్యాంకు సీటు వెనకే ఉంటుంది, ఆ కాలపు ఎఫ్-100లలో కూడా అంతే. ట్యాంకును తొట్టి కింద, వెనక ఇరుసుకు అవతల, ఛాసీ దూలాల మధ్యకు మార్చడం చేయదగ్గ మార్పుల్లో మంచిది. కొత్త ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే సెండర్ బండి మీటరుకు సరిపోవాలి. సీ-10 మీటరుకు ఖాళీకి 0, నిండుకు 90 ఓమ్‌లు. వేరే కంపెనీ సెండర్ పెడితే మీటరు తలకిందులుగా చూపిస్తుంది.

కరెంటు విషయంలో ఎర్తు తీగలు మూడు: బ్యాటరీ నుంచి ఇంజనుకు, ఇంజను నుంచి ఛాసీకి, ఛాసీ నుంచి కేబిన్‌కు. రంగు వేసిన బండిలో లైట్లు మసకబారడానికి కారణం చాలాసార్లు మూడోది లేకపోవడమే, ఎందుకంటే కేబిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంది. హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ మైనస్‌కూ కేబిన్ రేకుకూ మధ్య మల్టీమీటరుతో చూడండి, 0.2 వోల్టులు దాటకూడదు. హెడ్‌లైట్లకు రిలేలు పెడితే పాత స్విచ్చు మీద భారం తగ్గుతుంది. కొన్ని పాత ట్రక్కుల్లో, ముఖ్యంగా డాడ్జ్ బళ్లలో, ఛార్జింగ్ కరెంటంతా డాష్‌బోర్డులోని ఆంపియర్ మీటరు గుండా వెళుతుంది. పెద్ద ఆల్టర్నేటరు వేసి ఆ మీటరును అలాగే ఉంచితే మంటలు వస్తాయి. దాన్ని తప్పించి వోల్టు మీటరు పెట్టండి. 1955 వరకు ఫోర్డులు 6 వోల్టులు, ప్లస్ ఎర్తు. అలాంటి బండిలో బ్యాటరీ కనెక్ట్ చేసే ముందు రెండుసార్లు చూసుకోండి.

రంగు గురించి క్లుప్తంగా. ఇసుకతో ఊదడం ఛాసీకి మంచిది. బానెట్టు, పైకప్పు, తలుపుల్లాంటి చదును రేకులకు వద్దు, దెబ్బలకు పై పొర సాగి రేకు వంకర పోతుంది. శుభ్రమైన రేకుకు వెంటనే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద లప్పం, లప్పం 3 మిల్లీమీటర్లు దాటకూడదు. తుప్పును మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లం సరిగా కడగకుండా దాని మీద ఎపాక్సీ వేస్తే పొర లేచిపోతుంది. పొడవాటి బ్లాకుతో 80 నంబరు కాగితం, తర్వాత 180, ప్రైమర్ మీద 320, రంగుకు ముందు 600. రెండు భాగాల రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటికి బొగ్గు మాస్కు నమ్మదగ్గది కాదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే బ్లాకు పని వరకు ఇంట్లో చేసుకుని, పై రంగు బూతు ఉన్నవాళ్లకు ఇవ్వడం తెలివైన పని.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: మొత్తం విప్పేసి ఖాళీ ఛాసీ నుంచి మొదలుపెడితే మేలు కాదా?

ఛాసీకి పగులు, వంకర, లోతైన తుప్పు ఉంటే తప్పదు. లేకపోతే నడిచే బండిగానే ఉంచి ఒక్కో విభాగం పూర్తి చేయండి. మొత్తం విప్పిన బండికి చోటు మూడింతలు కావాలి, నెలలు గడిచాక ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. విప్పాల్సి వస్తే కేబిన్ రాకర్ల పని ముందే పూర్తి చేసి, బిగింపు గొట్టాలు అలాగే ఉంచి ఎత్తండి. కేబిన్ మౌంట్ల కింద ఏ వైపు ఎన్ని షిమ్ములు (ఎత్తు సరిచేసే పల్చటి బిళ్లలు) ఉన్నాయో ఫొటో తీసి, అదే మూలకు అవే వేయండి. తలుపు సందులు వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: తుప్పు పట్టిన బోల్టులు విరిగిపోతున్నాయి, ఏం చేయాలి?

చొచ్చుకుపోయే నూనె ముందు రోజు రాత్రే పూయండి. మరుసటి రోజు నట్టును ఎర్రగా వేడిచేసి, కొంచెం చల్లారాక, ముందు బిగించే వైపు కాస్త కదిపి తర్వాత విప్పండి. పక్కన రబ్బరు, బ్రేకు పైపు, పెట్రోలు లైను ఉంటే మంట వద్దు, నట్టును గ్రైండరుతో కోసేయండి. రివెట్లకు తల గ్రైండ్ చేసి, మధ్యలో డ్రిల్ చేసి, పంచుతో కొట్టాలి.

ప్రశ్న: పాత ట్యాంకు లోపల తుప్పుంది. వెల్డ్ చేసి వాడుకోవచ్చా?

పెట్రోలు ట్యాంకును ఇంట్లో ఎప్పుడూ వెల్డ్ చేయకండి. ఏళ్ల కిందట ఖాళీ అయినదైనా అతుకుల్లో ఆవిరి ఉంటుంది, పేలుతుంది. చిల్లులు పడితే కొత్త ట్యాంకే. పైపైన తుప్పయితే సిట్రిక్ ఆమ్లం నీళ్లలో కలిపి నింపి ఒకటి రెండు రోజులు ఉంచి, బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కాస్త పెట్రోలు పోసి మూత పెట్టండి. లోపల పూసే లైనర్లు సరిగా శుభ్రం కాని ట్యాంకులో పొరలుగా ఊడి పికప్ గొట్టాన్ని మూసేస్తాయి. ఏ దారిలో వెళ్లినా పంపుకు ముందు ఫిల్టరు పెట్టి, మొదటి కొన్ని వారాల్లో దాన్ని విప్పి చూస్తూ ఉండండి.